మూడు ఆధారంగా రాసిన సంఖ్య సరో బేసో చెప్పడం ఎలా?

మూడు ఆధారంగా, అంటే 0, 1, 2 అంకెలతోనే, ప్రతి స్థానం విలువ దాని కుడిపక్క స్థానానికి మూడింతలయ్యేలా రాసిన సంఖ్య చివర 0 గాని 2 గాని ఉంటే దాన్ని సరిసంఖ్య అనుకోవచ్చా అని మీరు అడిగారు. అనుకోకూడదు. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్పే రోజుల్లో, సిలబస్‌లో లేని ఈ విషయాన్ని సరదాగా మొదలుపెట్టి, ఇదే పొరపాటు నేను బోర్డు మీద చేశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "పదకొండును అట్ల రాస్తే 102 వస్తది కద సార్, చివర రెండున్నా అది బేసే కద" అన్నప్పుడు సుద్దముక్క పట్టుకొని కాసేపు అలాగే నిలబడిపోయాను. పద్నాలుగును రాస్తే 112 వస్తుంది. రెండింటికీ చివరి అంకె ఒకటే అయినా ఒకటి బేసి, మరొకటి సరి.

దశాంశ పద్ధతిలో పది, వంద, వేయి అన్నీ సరిసంఖ్యలు కావడం వల్ల తీర్పు ఒకట్ల స్థానానికే మిగులుతుంది. మూడు ఆధారమైతే స్థానవిలువలు 1, 3, 9, 27, 81 ఇలా అన్నీ బేసిసంఖ్యలే కనుక ప్రతి అంకెనూ లెక్కలోకి తీసుకోవాలి: అంకెల మొత్తం సరి అయితే సంఖ్య సరి, బేసి అయితే బేసి. ఇంకా సులువుగా, 2లను వదిలేసి 1లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు. ఉదాహరణకు 2025ను రాస్తే 2210000 వస్తుంది. అందులో 1 ఒక్కటే ఉంది కనుక బేసి. చివర నాలుగు సున్నాలున్నాయి కనుక అది 81తో నిశ్శేషంగా భాగించబడుతుంది, 243తో భాగించబడదు. నాలుగుతో భాగించబడుతుందో లేదో చూడాలంటే, దశాంశ పద్ధతిలో పదకొండుతో భాగించబడుతుందో లేదో చూసినట్టే, అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, మిగతా అంకెల మొత్తాన్ని అందులోంచి తీసివేసి, వచ్చినది నాలుగుతో భాగించబడుతుందేమో చూడాలి.

ఈ గుణం నాకు బాగా పట్టుబడింది మాత్రం మా తాత కిరాణా దుకాణంలోని తరాజును గుర్తు చేసుకున్నాకే. రెండు కిలోల రాయి పోయినప్పుడు ఆయన నాలుగు కిలోలు తూయడానికి ఐదు కిలోల రాయి ఒక పళ్లెంలో వేసి, కిలో రాయిని సరుకు ఉన్న పళ్లెంలో పెట్టేవాడు. "మా పల్లీల దిక్కు రాయెందుకు పెట్టినవ్ సేటూ" అని గొణిగినవాళ్లకు, పల్లీలు దింపి, మళ్లీ అదే చోట పెట్టి, ఐదు కిలోల రాయికి సమంగా పల్లీలతో పాటు కిలో రాయి ఎలా నిలిచిందో చూపించేవాడు.

ఆ పద్ధతిలోనే 1, 3, 9, 27 కిలోల రాళ్లు ఒక్కొక్కటి ఉంటే చాలు, 1 నుంచి 40 దాకా ఏ పూర్ణ కిలోల తూకమైనా వేయవచ్చు. ఇక్కడ అంకెలు 0, 1, 2 కావు. 0, 1, −1: రాయి వాడకపోతే 0, ఎదుటి పళ్లెంలో పెడితే 1, సరుకు వైపు పెడితే −1. మాస్కో విశ్వవిద్యాలయంలో 1958లో తయారైన సెతున్ అనే కంప్యూటర్ పనిచేసింది ఈ అంకెలతోనే. ఐదు కిలోలకు 9 ఒకవైపు, 3, 1 సరుకు వైపు: మూడు రాళ్లు. ఇరవైకి 27, 3 ఒకవైపు, 9, 1 సరుకు వైపు: నాలుగు రాళ్లు. రాళ్లన్నీ బేసి బరువులే కనుక, ఏ పళ్లెంలో ఏవి ఉన్నా, తరాజు మీద ఉన్న రాళ్ల లెక్క సరి అయితే సరుకు తూకమూ సరిసంఖ్యే.