కొత్త సంగీతం వాయిస్తానన్న బిడ్డకు

బిడ్డా,

పెండ్లిళ్లు, సినిమా రికార్డింగులు వద్దట, ఈ కాలం వాళ్లు రాస్తున్న పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే ఫిడేలు మీద వాయిస్తావట. మీ అమ్మ చెప్పింది. మీ నాన్నకు టెన్షన్ పట్టుకుంది. నాకైతే భయం లేదు గానీ, నల్లగొండలో నలభై ఏండ్లు కచేరీలకు, హరికథలకు ఫిడేలు పట్టినవాడిని కదా, కొన్ని ముచ్చట్లు చెప్పకుండా ఉండలేను.

ముందు నీ ఎడమ చెయ్యి సంగతి. మనం స ప స ప శ్రుతిలో పెరిగినవాళ్లం, స్వరాన్ని కొంచెమన్నా ఊపకపోతే మన వేలు ఊరుకోదు. వాళ్లు నిలువు స్వరం రాస్తే అది నిలువుగానే ఉండాలి. రోజూ పొద్దున పావుగంట ఒక్క స్వరాన్ని కదలకుండా పట్టు. చాలా విసుగ్గా ఉంటుంది, నేను నాలుగో రోజుకే వదిలేశాను. అయితే అర స్వరంలో సగం రాసిన చోట గమకాలు విన్న చెవి నిన్ను ఆదుకుంటుంది.

కమానును బ్రిడ్జి మీదికి జరిపి వాయించమంటారు. సన్నగా ఈలలా వస్తుంది, ఇంట్లోవాళ్లు తలుపు కిర్రుమందనుకుంటారు. కమాను కట్టెతో తీగలను కొట్టమని కూడా రాస్తారు. దానికి మంచి కమాను ముట్టకు, చవకది ఒకటి వేరే ఉంచుకో.

ఇక అసలు మాట. త్యాగయ్యను అడగలేం, నీకు రాసినవాడిని మాత్రం ఫోన్ చేసి అడగొచ్చు. అడుగు. కానీ 'ఇది కుదరదు' అనే ముందు నెల రోజులు దానితో కుస్తీ పట్టు. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1977లో పాల్ జుకోఫ్‌స్కీ అనే ఫిడేలు విద్వాంసుడి కోసం 'ఫ్రీమన్ ఎట్యూడ్స్' అనే ఫిడేలు రచనలు మొదలుపెట్టి, సగం అయ్యాక ఇవి ఎవరి వల్లా కావని ఆపేశాడు. ఇర్విన్ ఆర్డిట్టి అనే ఇంకో ఫిడేలు విద్వాంసుడు అప్పటికి రాసినవి వాయించి చూపించాకే మళ్లీ పట్టుకుని 1990లో 32 పూర్తి చేశాడు. వాయించేవాడు దొరికితే రాసేవాడికి ధైర్యం వస్తుంది, చూశావా!

ఒంటరిగా తిరగకు. ఆ ఆర్డిట్టి కూడా 1974లోనే నలుగురి బృందం కట్టుకున్నాడు. తిండికి పిల్లలకు పాఠాలు చెప్పు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఎండ జాగ్రత్త. ఒక మే నెలలో హైదరాబాద్ బస్సులో ఫిడేలు పెట్టెను ఇంజిన్ బానెట్ మీద పెట్టాను. దిగి తెరిస్తే జిగురు కరిగి, పైపలక ఒక పక్క విడిపోయి ఉంది. ఆ రాత్రి కచేరీ అడిగి తెచ్చుకున్న ఫిడేలుతో చేశాను, శ్రుతి నిలిస్తే ఒట్టు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ కొత్త కాగితాలు రెండు పట్టుకురా. పానగల్లు గుడి పక్కన చెట్టు కింద వాయిద్దువు గానీ. మీ నాన్నను కూర్చోబెట్టే పూచీ నాది.

నీ పెద్దబాపు