లక్కర్‌లో విఓసి ఎక్కువుందని బాకీ ఆపేశారు. వసూలు చేసుకోవడం ఎలా?

ప్రశ్న: మడికొండ దగ్గర చెక్క పాలిష్‌లు, లక్కర్లు తయారుచేసే చిన్న పరిశ్రమ మాది. 2021లోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తీసుకున్నాము. హైదరాబాద్‌లో గ్రీన్ రేటింగ్ కోసం కడుతున్న ఒక ఆఫీసు భవనం తలుపులకు క్లియర్ లక్కర్ కావాలని, మాకు దూరపు చుట్టమైన ఒక కాంట్రాక్టర్ ఆర్డరిచ్చారు. సౌత్ కోస్ట్ రూల్ 1113 ప్రకారం విఓసి (ఆవిరై గాలిలో కలిసే కర్బన రసాయనాలు) లీటరుకు 275 గ్రాములు మించరాదని పర్చేజ్ ఆర్డర్‌లో ఉంది. 2023 జూన్ 12న సరుకు అందింది. డబ్బుకు 30 రోజుల గడువు. సరుకంతా వాడుకున్నాక, నవంబరులో, సైటులోని డబ్బాను పరీక్షిస్తే 566 వచ్చిందని మెయిల్ పెట్టి 8,40,000 రూపాయలు ఆపేశారు. మా లీటరు లక్కర్‌లో 400 మిల్లీలీటర్ల అసిటోన్ పోగా మిగతా సాల్వెంట్లు 250 గ్రాములే. పరీక్ష మాత్రం చేయించలేదు. నాన్నగారి ఆపరేషన్ అప్పుడు బతిమాలినా ఆయన కనికరించలేదు. తెలిసినాయన ఒకరు 2023 మే తేదీతో ల్యాబ్ రిపోర్టు ఇప్పిస్తానంటున్నారు. తీసుకోవచ్చా? సరుకు అందిన 9వ రోజున సైట్ సూపర్‌వైజర్ వాట్సాప్‌లో ‘వాసన బాగా ఎక్కువుందన్నా’ అంటే ‘చూసుకుందాంలే’ అన్నాను, అంతే. – వరంగల్ పాఠకుడు

జవాబు: ‘అంతే’ అని మీరు తేల్చేసిన ఆ చివరి వాక్యంలోనే మీ కేసు ఉంది. చుట్టరికం, ఆపరేషన్, ఆయన కాఠిన్యం ఏ తీర్పునూ మార్చవు కనుక వాటి జోలికి పోను.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006, సెక్షన్ 2(బి) ప్రకారం, సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే దాన్ని అంగీకరించినట్లు లెక్క. నవంబరు మెయిల్ ఆ గడువు దాటి చాలాకాలానికి వచ్చింది. కాబట్టి ఆ 9వ రోజు సందేశం వాయిస్ రూపంలో ఉందా, టైపు చేసినదా అన్నది అన్నింటికన్నా ముందు తేలాలి. వాయిస్ అయితే అది రాత కాదని గట్టిగా వాదించవచ్చు. టైపు చేసినదైతే, వాసన గురించిన మాట సరుకును నిరాకరించడం కాదని, పైగా ఆ తర్వాత కూడా సరుకు వాడుతూనే పోయారని వాదించాలి. ఇది మొదటిదాని కంటే బలహీనమైన వాదన. ఏదైనా సరే, ఆ సంభాషణను చెరిపేయవద్దు, ఫోన్ మార్చవద్దు. అవతలి ఫోన్‌లో అది ఉండనే ఉంటుంది; మీ దగ్గర మాయమైతే దాచారన్న అనుమానం మీ మీదికే వస్తుంది. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రంతో దాన్ని దాఖలు చేయాల్సి ఉంటుంది.

ఇక మీరు వినడానికి ఇష్టపడని సంగతి. రూల్ 1113 లాస్ ఏంజెలెస్ ప్రాంతపు వాయు నాణ్యత యంత్రాంగం చేసిన నిబంధన. మన దేశంలో దానికి చట్టబలం లేదు. కానీ పర్చేజ్ ఆర్డర్‌లోకి ఎక్కింది కనుక అది మీ ఒప్పందంలో షరతు అయింది, దాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా దానితోపాటే వచ్చింది. అసిటోన్ ఎండలో ఓజోన్ తయారీకి పెద్దగా తోడ్పడదని అమెరికాలో 1995లో విఓసి జాబితా నుంచి మినహాయించారు. రూల్ 1113 కూడా దాన్ని మినహాయిస్తుంది. అయితే దాని బరువును వదిలేసినప్పుడు దాని ఘనపరిమాణాన్ని కూడా లీటరులోంచి తీసేయాలి. మీ 250 గ్రాములను 1 లీటరుతో కాక 0.6 లీటరుతో భాగించాలి. దాదాపు 417 వస్తుంది. కాంట్రాక్టర్ గారి 566 ఎక్కడిదంటే, ల్యాబ్ వారు 400 మిల్లీలీటర్ల అసిటోన్ బరువు 316 గ్రాములను కూడా కలిపినట్లుంది. ఆయన అంకె తప్పు, మీ అంకె తప్పు; ఒప్పందం ప్రకారం సరైన అంకె మీ పరిమితిని దాటింది. సంతకం పెట్టే ముందు ఆ నిబంధనను ఒక్కసారి చదివించుకుని ఉంటే, లేదా ఒక్క డబ్బాను పరీక్షకు పంపి ఉంటే, నాకు ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

సరుకును అంగీకరించినట్లు లెక్క అయినంత మాత్రాన ఆయన నోరు మూతపడదు. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 59 కింద ధరలో తగ్గింపు అడగవచ్చు. చిన్న పరిశ్రమల బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు ఎదురు క్లెయిము కూడా వేయవచ్చని సుప్రీంకోర్టు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. అయితే తనకు జరిగిన నష్టాన్ని ఆయనే రుజువు చేయాలి. రేటింగ్‌లో పాయింటు నిజంగా పోయిందా, పోతే అది మీ లక్కర్ వల్లనేనా, డబ్బాను ఎవరి సమక్షంలో సీలు చేశారు, మేస్త్రీలు అందులో థిన్నర్ కలిపారా అని మీరు నిలదీయవచ్చు. జాగ్రత్త: మీ డబ్బా లేబుల్ మీదే థిన్నర్ కలపమని ఉంటే, ఆ మేరకు కలిపినది మీ లెక్కలోకే వస్తుంది.

పాత తేదీ రిపోర్టు సంగతి. ఆ మనిషితో ఇంకెప్పుడూ మాట్లాడవద్దు. దొంగపత్రం సృష్టించడం, దాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 336, 340 కింద నేరాలు. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఆమోదం పొందిన ల్యాబ్ రిపోర్టుకు ప్రత్యేక సంఖ్య ఉంటుంది, శాంపిల్ అందిన తేదీ రిజిస్టర్‌లో ఉంటుంది. ఒక్క ఉత్తరంతో బయటపడుతుంది. నేడు డబ్బు రావలసినవారుగా ఉన్న మీరు రేపు ముద్దాయిగా నిలబడతారు. అదే బ్యాచ్ డబ్బాలు మూత తీయనివి మిగిలి ఉంటే, కాంట్రాక్టర్‌కు ముందుగా నోటీసు ఇచ్చి, సాక్షుల ఎదుట సీలు చేయించి, నేటి తేదీతోనే పరీక్షకు పంపండి. రూల్ 1113 పద్ధతిలో, అసిటోన్‌ను విడిగా చూపుతూ లెక్కగట్టాలని వారికి రాసి ఇవ్వండి.

కాలపరిమితి చూడండి. 30 రోజుల గడువు 2023 జులై 12తో తీరింది కనుక లిమిటేషన్ చట్టం 15వ అధికరణం ప్రకారం మూడేళ్లు 2026 జులై 12న ముగుస్తాయి. అది ఆదివారం, మర్నాడు వేయవచ్చులే అన్న ధీమాతో ఉండవద్దు. ‘చూద్దాం, ఇస్తాలే’ అని ఆయన ఫోన్‌లో చెప్పిన మాటలు గడువును పొడిగించవు. అదే లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద, గడువు తీరకముందే, బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చినదే పనికొస్తుంది.

వెంటనే ఇన్‌వాయిస్, డెలివరీ చలానా, ఉద్యమ్ పత్రం జతచేసి లీగల్ నోటీసు పంపించండి. జవాబు కోసం 15 రోజులకు మించి ఆగకుండా, 2006 చట్టం సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి. సెక్షన్ 16 కింద రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా, తప్పక అడగండి. అవార్డు, అంటే తీర్పు, మీ పక్షాన వస్తే, దాన్ని సవాలు చేయడానికి ఆయన సెక్షన్ 19 ప్రకారం 75 శాతం సొమ్ము ముందే జమచేయాలి. ఈ భారం ఆయనకు తెలుసు కాబట్టి, కౌన్సిల్ రాజీ దశలోనే బేరానికి వస్తారు. 417 అన్న అంకె మీకు తెలుసు కనుక, అసలులో కొంత తగ్గించుకుని వడ్డీ వదులుకునే ప్రతిపాదన వస్తే తోసిపుచ్చవద్దు. కాకపోతే ఎదురు క్లెయిము ఏదీ లేదన్న వాక్యం రాజీపత్రంలో ఉండేలా చూసుకుని, సొమ్ము బ్యాంకులో పడిన తర్వాతే సంతకం చేయండి.