ఏజెన్సీ మారినప్పుడల్లా డీబీఎస్ డబ్బు కట్టాలా?

బ్రిటన్‌లో చదువుకుంటూనో, డిపెండెంట్ వీసా మీదనో ఉండి కేర్ హోంలలో, బడుల్లో ఏజెన్సీ షిఫ్టులు చేసే పాఠకులు ఈసారి ఎక్కువగా రాసింది డీబీఎస్ గురించి. పనిలో పెట్టుకునే ముందు మనిషి నేరచరిత్ర చూసే ప్రభుత్వ తనిఖీ అది. దాన్ని చేసే సంస్థ (డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్) పేరూ డీబీఎస్సే. ఇక్కడ చెప్పే రుసుములు 2024 డిసెంబరు 2 నుంచి అమల్లోకి వచ్చినవి.

ప్రశ్న: మార్చిలో ఒక కేర్ ఏజెన్సీలో చేరినప్పుడు ఎన్‌హాన్స్‌డ్ (లోతైన) డీబీఎస్‌కు డబ్బు కట్టాను. షిఫ్టులు సరిగా ఇవ్వకపోవడంతో మే నెలలో ఇంకో ఏజెన్సీకి వెళ్లాను. వాళ్లూ మళ్లీ డీబీఎస్ చేయించమంటున్నారు. రెండు నెలల కిందటి సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది. అది చెల్లదా?
– ఒక విద్యార్థిని, లెస్టర్

జవాబు: డీబీఎస్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు. అయితే అది ఇచ్చిన రోజు వరకున్న సమాచారమే అందులో ఉంటుంది. ఆ మర్నాడు ఏమైందో కాగితం చెప్పదు. అందుకే పాతదాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది కొత్త ఏజెన్సీ ఇష్టం. చాలావరకు ఒప్పుకోరు.

ఈ చిక్కు కోసమే 2013 జూన్‌లో డీబీఎస్ అప్‌డేట్ సర్వీస్ మొదలైంది. ఏడాదికి 16 పౌండ్లు. అందులో నమోదైతే మీ సర్టిఫికెట్‌ను డీబీఎస్ తాజాగా ఉంచుతుంది. శిక్షల వివరాలు, నిషేధిత జాబితాల (పిల్లలతో గానీ, ఆసరా కావాల్సిన పెద్దలతో గానీ పనిచేయకూడదని నిషేధించినవారి జాబితాలు) వివరాలు వారానికోసారి వెతుకుతారు. శిక్ష దాకా వెళ్లకుండా పోలీసుల దగ్గర ఉండే సమాచారం తొమ్మిది నెలలకోసారి చూస్తారు. కొత్త ఏజెన్సీ మీ అనుమతితో ఆన్‌లైన్‌లో ‘స్టేటస్ చెక్’ చేసుకుంటుంది. దానికి వాళ్లకు గానీ మీకు గానీ పైసా ఖర్చుండదు.

అసలు మెలిక నమోదు గడువులో ఉంది. సర్టిఫికెట్ మీదున్న తేదీ నుంచి 30 రోజుల్లోపు చేరాలి. పోస్టులో మీకు అందిన రోజు నుంచి కాదు. కాగితం చేరడానికే వారం పట్టిందంటే మిగిలేవి మూడు వారాలే. ఇంకో దారి, దరఖాస్తు పెట్టగానే ఆ రిఫరెన్స్ నంబరుతో ముందే నమోదు కావడం. అలా చేస్తే 28 రోజుల్లోగా మీ దరఖాస్తు డీబీఎస్‌కు చేరాలి. మరచిపోయే అవకాశం ఉండదు కాబట్టి మేం ఈ రెండో దారినే చెబుతాం.

మీ మార్చి సర్టిఫికెట్‌కు ఆ గడువు దాటిపోయింది. ఆలస్యమైందని బతిమాలుకుంటే ఒప్పుకునే ఏర్పాటేదీ లేదు. కాబట్టి ఈసారికి డబ్బు కట్టక తప్పదు. ఏజెన్సీ మీ దరఖాస్తు పంపిన రోజే దాని రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకుని, ఆ సాయంత్రమే నమోదు కండి. ఎన్‌హాన్స్‌డ్ రుసుము 49.50 పౌండ్లు. దాని మీద దరఖాస్తు పంపే సంస్థ తన నిర్వహణ ఖర్చు వేస్తుంది, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఏడాదిలో మూడు ఏజెన్సీలు మారితే రుసుమే 148.50 పౌండ్లు. ఒక్కసారి చేయించుకుని అప్‌డేట్ సర్వీస్‌లో ఉంటే 65.50.

అసలు సర్టిఫికెట్ కాగితాన్ని మాత్రం పారేయకండి. స్టేటస్ చెక్ చేసే ముందు ఏజెన్సీ ఆ కాగితాన్ని కళ్లారా చూడాలి. దాని మీద ఉన్న 12 అంకెల నంబరు, ఇంటిపేరు, పుట్టిన తేదీతోనే చెక్ చేయగలరు. ఒకసారి అందాక పోగొట్టుకుంటే డీబీఎస్ నకలు ఇవ్వదు. తరచూ గదులు మారే విద్యార్థులు దీన్ని పాస్‌పోర్టుతో పాటే దాచుకోవాలి.

ప్రశ్న: నేను అప్‌డేట్ సర్వీస్‌లో ఉన్నాను. వృద్ధుల కేర్ హోంలో పనిచేస్తున్నాను. ఇప్పుడు బడుల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా పంపే ఏజెన్సీలో చేరబోతే ‘మీది పనికిరాదు, కొత్తది తీయాలి’ అన్నారు. డబ్బు కోసం అంటున్నారా?
– ఒక గృహిణి, మిల్టన్ కీన్స్

జవాబు: కాదు, వాళ్లన్నది నిజమే. స్టేటస్ చెక్ చెల్లాలంటే తనిఖీ స్థాయి, వర్క్‌ఫోర్స్ (పని పిల్లలతోనా, పెద్దలతోనా అన్నది), నిషేధిత జాబితా మూడూ కలవాలి. వృద్ధుల కేర్ హోం కోసం తీసిన సర్టిఫికెట్ మీద ‘అడల్ట్ వర్క్‌ఫోర్స్’ అని ఉంటుంది. దానికి పెద్దల నిషేధిత జాబితానే చూసి ఉంటారు. బడిలో పనికి ‘చైల్డ్ వర్క్‌ఫోర్స్’ కావాలి, పిల్లల జాబితా చూడాలి. సర్టిఫికెట్‌లో ఉద్యోగం పేరు రాసిన గడిని, జాబితాల ఎదుట రాసిన ఫలితాన్ని చదివితే మీది దేనికి తీశారో తెలిసిపోతుంది.

‘చైల్డ్ అండ్ అడల్ట్ వర్క్‌ఫోర్స్’ అని రెండింటికీ ఒకేసారి తీయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఉద్యోగంలో నిజంగా రెండు వర్గాలతోనూ పని ఉంటేనే కుదురుతుంది. పిల్లల వార్డుకూ పెద్దల వార్డుకూ వెళ్లే హాస్పిటల్ అసిస్టెంట్‌కు తీయవచ్చు. వృద్ధుల హోంలో మాత్రమే పనిచేసే మనిషికి ‘ముందు ముందు పనికొస్తుందిలే’ అని తీయడం నిబంధనలకు విరుద్ధం. ఏజెన్సీ వద్దంటే దాన్ని తప్పుపట్టలేం.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. కొత్త సర్టిఫికెట్ మీదున్న తేదీ నుంచి 30 రోజుల్లోపు దాన్ని మీ పాత అప్‌డేట్ ఖాతాకే కలపవచ్చు. ఇంకో 16 పౌండ్లు కట్టనక్కర్లేదు. ఒకే ఖాతాలో రెండు సర్టిఫికెట్లూ నడుస్తాయి.

16 ఏళ్లు నిండినవాళ్లెవరైనా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సొంతంగా 21.50 పౌండ్లతో తీసుకునేది బేసిక్ చెక్. అది కేర్ హోం పనికీ బడి పనికీ చాలదు. పైగా బేసిక్‌ను అప్‌డేట్ సర్వీస్‌లో చేర్చరు. చవకగా వస్తోందని ముందే తీసుకుని, తర్వాత ఎన్‌హాన్స్‌డ్‌కు మళ్లీ కట్టుకుంటున్న వాళ్లున్నారు.

ప్రశ్న: చేరేటప్పుడు డీబీఎస్, ట్రైనింగ్, యూనిఫాం, ‘రైట్ టు వర్క్ చెక్’ అన్నీ కలిపి 180 పౌండ్లు కట్టమన్నారు. కట్టలేనంటే మొదటి జీతంలో కోసుకుంటామన్నారు. ఇది న్యాయమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, కొవెంట్రీ

జవాబు: మూటగా చూడకండి, విడదీసి రాసివ్వమని అడగండి.

రైట్ టు వర్క్ (మీకు బ్రిటన్‌లో పనిచేసే హక్కుందో లేదో చూసే తనిఖీ) ముందు. మీ ఈవీసా (ఆన్‌లైన్ వీసా) ఖాతా నుంచి మీరు తీసుకునే షేర్ కోడ్‌కు రుసుము లేదు. ఆ కోడ్‌తో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో యజమాని చేసే తనిఖీకీ లేదు. దీనికి డబ్బు అడిగారంటే మిగతా లెక్కలనూ అనుమానించాల్సిందే.

ట్రైనింగ్, యూనిఫాంల సంగతి. పని చూపించినందుకు మనిషి దగ్గర ఫీజు వసూలు చేయకూడదని 1973 ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం చెబుతుంది. 2003 కండక్ట్ నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. తమ దగ్గరో, తమకు సంబంధించిన సంస్థ దగ్గరో డబ్బిచ్చి వేరే సేవలు, వస్తువులు కొంటేనే పని చూపిస్తామని షరతు పెట్టకూడదు. ‘మా ట్రైనింగే కొనాలి’ అంటే ఆ నిబంధన గుర్తు చేస్తూ ఈమెయిల్ రాయండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే తోసిపుచ్చుతారు.

డీబీఎస్ రుసుము ఎవరు భరించాలన్నది సంస్థను బట్టి మారుతుంది. కొందరు తామే కడతారు. కొందరు ముందు మీతో కట్టించి, ఇన్ని షిఫ్టులు చేశాక తిరిగి ఇస్తామంటారు. ఆ మాట ఒప్పందంలో అక్షరాల్లో లేకపోతే లేనట్టే లెక్క. మీరు అడగాల్సినవి: 49.50 మీద ఎంత వేస్తున్నారు, వేరే నమోదిత సంస్థ ద్వారా చేయించుకుని వస్తే ఒప్పుకుంటారా, ఎన్ని గంటల పనికి తిరిగి ఇస్తారు.

జీతంలో కోత విషయానికొస్తే, 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం ప్రకారం దానికి మీ ఒప్పందం లేదా మీ రాతపూర్వక అంగీకారం ముందే ఉండాలి. 2020 ఏప్రిల్ 6 నుంచి ఏజెన్సీలు కొత్తగా చేరేవాళ్లకు ఒప్పందానికి ముందే ‘కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్’ ఇవ్వాలి. రెండు పేజీలకు మించని ఆ కాగితంలో కోతలు, ఫీజులు, చేతికొచ్చే జీతం నమూనా లెక్క ఉంటాయి. అది చేతికి రాకుండా సంతకం పెట్టకండి. ఇప్పటికే కోసేసి ఉంటే పేస్లిప్పులు దగ్గర పెట్టుకుని, ఉద్యోగుల హక్కులపై సలహా ఇచ్చే ఏకాస్ సంస్థ హెల్ప్‌లైన్ 0300 123 1100కు ఫోన్ చేయండి. సలహా ఉచితం.

వాట్సాప్‌లో ‘డీబీఎస్ డబ్బు వేయండి, రేపే షిఫ్టు’ అని ఎవరి సొంత ఖాతా నంబరో పంపేవాళ్లకు ఒక్క పౌండు కూడా పంపొద్దు. గుర్తింపు పత్రాలు సరిచూడకుండా ఎన్‌హాన్స్‌డ్ దరఖాస్తు ముందుకు కదలదు. పాస్‌పోర్టు అడగకముందే డబ్బడిగారంటే అక్కడ దరఖాస్తే లేదని అర్థం.

ప్రశ్న: ఆటో రెన్యువల్ పెట్టాను. అయినా నా అప్‌డేట్ సర్వీస్ ఆగిపోయిందట. ఇప్పుడు 16 పౌండ్లు కడితే మళ్లీ తెరుస్తారా?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హాం

జవాబు: తెరవరు. గడువు దాటిన ఖాతా మళ్లీ బతకదు. కొత్త సర్టిఫికెట్ తీసి కొత్తగా చేరాల్సిందే. సాధారణంగా కారణం కార్డే. ఏడాదిలో కార్డు గడువు ముగిసి ఉంటుంది, లేదా బ్యాంకు మార్చి ఉంటారు. ఏడాది లెక్క సర్టిఫికెట్ తేదీ నుంచి మొదలవుతుంది. చివరి 30 రోజుల్లో ఎప్పుడైనా చేతితో రెన్యూ చేసుకోవచ్చు. నమోదప్పుడు ఇచ్చే ఐడీ నంబరు, యూనివర్సిటీది కాని సొంత ఈమెయిల్ రెండూ ముఖ్యం. చదువు అయ్యాక యూనివర్సిటీ మెయిల్ మూతపడితే గుర్తుచేసే ఉత్తరాలు అందులోనే ఉండిపోతాయి.

ప్రశ్న: నా దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. పేరు, చిరునామా సరిగా లేవంటున్నారు. అన్నీ నిజాలే రాశాను.
– ఒక విద్యార్థి, లూటన్

జవాబు: మన పేర్లతో ఇది మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ముందూ వెనకా మారుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్న క్రమమే, అవే స్పెల్లింగులతో రాయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు పాత పేరును ‘ఇతర పేర్లు’ గడిలో ఏ నెల నుంచి ఏ నెల వరకు వాడారో చెబుతూ రాయాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే మీ అంతట మీరు పూరించకండి. గుర్తింపు పత్రాలు చూసేవారినే ఎలా రాయాలో అడిగి, ఆ మాట ఈమెయిల్‌లో తీసుకోండి.

చిరునామాలు అయిదేళ్లవి కావాలి, మధ్యలో ఒక్క నెల ఖాళీ ఉండకూడదు. హైదరాబాద్ హాస్టల్, ఊళ్లో ఇల్లు, ఇక్కడ దిగిన కొత్తలో స్నేహితుడి గదిలో ఉన్న మూడు వారాలు, అన్నీ రాయాలి. ఎక్కువమంది వదిలేసేది ఆ మూడు వారాలనే. నెలా సంవత్సరాలతో ముందు ఒక కాగితం మీద వరసగా రాసుకుని, తర్వాత ఫారం ముట్టుకోండి.

ఇక్కడి చిరునామాకు రుజువు ఇంకో తలనొప్పి. పూర్తికాల విద్యార్థులకు కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) ఉండదు కాబట్టి ఆ బిల్లూ ఉండదు. మిగిలేది మూడు నెలల్లోపు బ్యాంకు స్టేట్‌మెంట్. యాప్‌లోంచి ప్రింటు తీసింది కొందరు తీసుకోరు. పోస్టులో పంపమని బ్యాంకును ముందే అడిగి పెట్టుకోండి.

సరిగ్గా వెళ్లిన దరఖాస్తు కూడా డీబీఎస్ తనిఖీలోని నాలుగో దశలో ఆగవచ్చు. అక్కడ మీరు ఉన్న చోట్ల స్థానిక పోలీసులు తమ రికార్డులు చూస్తారు. లండన్, లెస్టర్, లూటన్ తిరిగినవారి కాగితం మూడు పోలీసు దళాల దగ్గరికి వెళ్లవచ్చు. ఆన్‌లైన్‌లో ట్రాక్ చేస్తూ ఉండండి. నాలుగో దశలో 60 రోజులు దాటితే త్వరగా తేల్చమని డీబీఎస్‌ను అడగవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి అక్కడ డీబీఎస్ చేయించుకుంది. అయినా ఏజెన్సీ ఇండియా పోలీసు సర్టిఫికెట్ అడుగుతోంది. ఇక్కడ పోలీస్ స్టేషన్‌లో తీసుకుంటే సరిపోతుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇండియాలోని పోలీసు రికార్డులను డీబీఎస్ అడిగి తెప్పించదు. అందుకే ఏజెన్సీలు విడిగా అడుగుతాయి. విదేశీ అవసరానికి కావాల్సింది పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్). స్థానిక పోలీసులు అద్దె ఇళ్లకూ, ఇక్కడి ఉద్యోగాలకూ ఇచ్చే వెరిఫికేషన్ కాగితాన్ని అక్కడ తీసుకుంటారని నమ్మి ఖర్చు పెట్టకండి. మీ అమ్మాయి అక్కడే ఉంది కాబట్టి భారత హైకమిషన్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ అనే సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. ఇంకా బయల్దేరని పిల్లలైతే ఇక్కడే పాస్‌పోర్ట్ సేవలో 500 రూపాయలకు అయిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ఇప్పుడుండే ఇల్లు కాకపోతే మళ్లీ పోలీసు విచారణకు సమయం పడుతుంది. ఎన్ని నెలల్లోపు తీసిన పీసీసీని ఒప్పుకుంటారో ఏజెన్సీని ముందే అడిగించండి. ఎప్పుడో తీసుకెళ్లినది అక్కర పడే నాటికి పాతబడి ఉండవచ్చు.

ప్రశ్న: మాంచెస్టర్ నుంచి గ్లాస్గోకు మారుతున్నాను. నా డీబీఎస్ అక్కడ నడుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: నడవదు. డీబీఎస్ ఎన్‌హాన్స్‌డ్ తనిఖీ ఇంగ్లండ్, వేల్స్ ఉద్యోగాలకు. స్కాట్లాండ్‌లో డిస్‌క్లోజర్ స్కాట్లాండ్ నడిపే పీవీజీ పథకంలో చేరాలి, 2025 ఏప్రిల్ 1 నుంచి కేర్, బడి పనులకు అది చట్టప్రకారం తప్పనిసరి. ఉత్తర ఐర్లాండ్‌కైతే అక్కడి తనిఖీ సంస్థ యాక్సెస్‌ఎన్‌ఐ. తిరిగి మాంచెస్టర్‌కు వచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం అప్‌డేట్ సర్వీస్‌ను ఆపకండి. ఆ 16 పౌండ్లు కడుతూ ఉంటే మళ్లీ 49.50 కట్టే పని తప్పుతుంది.