కెనడాలో చిన్న ఊరికి వచ్చారా? మొదటి వారంలోనే సెటిల్‌మెంట్ ఆఫీసుకు వెళ్లండి

బ్రాండన్, టిమ్మిన్స్, మూస్ జా లాంటి ఊళ్లకు ఉద్యోగం మీద వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "ఇక్కడ మనవాళ్లెవరూ లేరండీ, ఏదైనా అవసరమొస్తే ఎవర్ని అడగాలి?" ఈ మూడూ 2025 జనవరిలో మొదలైన రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్ అనే, చిన్న ఊళ్లకు విదేశీ ఉద్యోగులను రప్పించే ప్రభుత్వ పథకంలోని 14 ప్రాంతాల్లోవే. మనుషులు కావాలని ఆ ఊళ్లే అడిగాయి. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు సాయం చేసే సెటిల్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి అడగడానికి మొహమాటపడకండి.

నేను వచ్చిన కొత్తలో ప్రతిదానికీ టొరంటోలో ఉన్న స్నేహితుడికే ఫోన్ చేసేవాణ్ణి. పాపం, అతను తనకు తెలిసిన బస్సుల గురించి చెప్పేవాడు. మా ఊళ్లో అసలు బస్సే లేదు. రెండు నెలలు అలా గడిచాక, తోటి ఉద్యోగి ఒకాయన నన్ను తన కారులో ఇక్కడి న్యూకమర్స్ అసోసియేషన్ అనే అలాంటి ఆఫీసుకు తీసుకెళ్లాడు. కొత్త పేషెంట్లను ఏ క్లినిక్ తీసుకుంటోంది, డ్రైవింగ్ ఎవరు నేర్పుతారు, పిల్లాడిని స్కూల్లో ఎలా చేర్పించాలి అన్నీ ఒక్క గంటలో తేలిపోయాయి. ఆ రెండు నెలల టెన్షన్ మీరు పడకూడదనే ఇంతగా చెబుతున్నాను.

ఒక విషయం ముందే తెలుసుకోండి. ఫెడరల్ డబ్బుతో నడిచే సేవలు, లింక్ అనే ఉచిత ఇంగ్లిష్ క్లాసులతో సహా, ముఖ్యంగా పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లకూ శరణార్థులకూ. వర్క్ పర్మిట్ మీద ఉంటే కొన్నిటికి కుదరదంటారు. అయినా వెళ్లి అడగండి, కొన్ని రాష్ట్రాలు తమ డబ్బుతో వాళ్లకూ సేవలు ఇస్తున్నాయి. పీఆర్ వచ్చాక మాత్రం, ఇంట్లో ఇంగ్లిష్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఉంటే వాయిదా వేయొద్దు. సిటిజన్‌షిప్ వస్తే లింక్ అర్హత పోతుంది.

ఈ సేవలకు ఫీజు ఉండదు. ఇమిగ్రేషన్ సలహాకు డబ్బు తీసుకోవాలంటే లైసెన్సున్న కన్సల్టెంటో లాయరో లాంటి, చట్టం అనుమతించినవాళ్లే అయ్యుండాలి. ఇంకెవరు అడిగినా ఇవ్వకండి.

ఇక మల్టీకల్చరలిజం, అంటే అన్ని సంస్కృతులవాళ్లూ కలిసి బతకడం అనే మాట. దానికి 1988 నుంచి చట్టమే ఉంది, జూన్ 27న దేశమంతా మల్టీకల్చరలిజం దినం. చిన్న ఊళ్లో మాత్రం ఆ పండగ జరగాలంటే కుర్చీలు వేసే పదిమంది వాలంటీర్లు కావాలి. మీరూ వెళ్లండి. మా ఆవిడకు మొదటి స్నేహితురాలు దొరికింది అక్కడే, బల్లలు సర్దుతూ. మంచు తుఫానులో మా కారు ఆగిపోయిన రోజు మమ్మల్ని ఇంటికి చేర్చింది ఆ స్నేహితురాలే.

మీ ఊళ్లో ఇలాంటి సంస్థ ఉందో లేదో తెలియకపోతే, స్థానిక సేవల సమాచారం చెప్పే 211 నంబరుకు ఫోన్ చేయండి. ఊరి పేరు చెప్పి, కొత్తగా వచ్చినవాళ్లకు సాయం చేసేవాళ్లు దగ్గర్లో ఎవరున్నారో అడగండి. అది పక్క ఊళ్లో ఉంటే, ముందు ఫోన్లో మాట్లాడొచ్చేమో కనుక్కోండి.