రెండో పికప్ కోసం చెక్క కోయించే ముందు ఇది చదువు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ మొన్నే చూశాను, ఫోన్ చేద్దామనుకున్నా గానీ నువ్వు ఆఫీసులో ఉంటావు, నేనేమో ఈ విషయం మొదలెడితే ఆపను, మీ అత్తయ్య చేతులు జోడించేస్తుంది, అందుకని కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వడిగింది ఏంటి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీ బేస్, అదే ఫెండర్ ప్రెసిషన్ రకం బేస్ గిటార్ ఉంది, దానికి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర ఒక జే పికప్, అంటే ఫెండర్ జాజ్ బేస్‌లో ఉండే రకం పికప్ (అయస్కాంతాల చుట్టూ కాయిల్ చుట్టి తీగ ఊపుని కరెంటుగా మార్చే ముక్క) పెట్టించి పీజే చేయించాలా, లేకపోతే ఇది అమ్మేసి రెండు జే పికప్‌లున్న జేజే కొనాలా, అదీ కాకపోతే హంబకర్ (జంట కాయిల్స్ పికప్) ఉన్న, బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్‌కి వెళ్ళాలా అని. పైగా నాలుగు వీడియోలు పంపావు. నాలుగూ చూశాను రా, నాలుగింట్లోనూ బేస్ ఒక్కటే మోగుతోంది, పక్కన డ్రమ్స్ లేవు, కీబోర్డ్ లేదు, పాడేవాడు లేడు. అలా వింటే ఏ పికప్ అయినా అమృతమే. నువ్వు శనివారం పబ్‌లో ఇద్దరు గిటార్ల మధ్య, ఆదివారం చర్చిలో కీబోర్డ్ పక్కన వాయిస్తావు, అక్కడ ఏది వినపడుతుందో అది చూసుకోవాలి, మీ బెడ్‌రూమ్‌లో కాదు.

ముందు ఒక సంగతి నీ బుర్రలోకి ఎక్కాలి. పికప్ తీగ మొత్తాన్ని వినదు, తన నెత్తి మీద ఉన్న ముక్కనే వింటుంది. నీ బేస్ స్కేల్, అంటే మోగే తీగ పొడుగు, 34 అంగుళాలు కదా, ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మి) దగ్గర తీగ మీద వేలు తాకీ తాకనట్టు పెట్టి హార్మోనిక్ (అసలు శ్రుతి పైన తీగలో దాగి ఉండే సన్న స్వరం) వాయించు, సన్నగా గంటలాగా మోగుతుంది చూడు, అది తీగని నాలుగు సమాన ముక్కలు చేసే హార్మోనిక్. ఆ నాలుగు ముక్కలూ కలిసే చోట తీగ కదలదు. బ్రిడ్జ్ నుంచి నెక్ (గిటార్ మెడ) వైపు 8.5 అంగుళాలు కొలిస్తే అలాంటి చోటొకటి వస్తుంది, సరిగ్గా అక్కడ పికప్ పెట్టావనుకో, ఆ హార్మోనిక్ దానికి దాదాపు వినపడదు. ప్రతి హార్మోనిక్‌కీ ఇలాంటి చెవిటి చోట్లు ఉంటాయి, బేస్ బేస్‌కీ గొంతు మారిపోవడానికి సగం కారణం ఇదే. బ్రిడ్జ్‌కి దగ్గరైతే తీగ ఊగేది తక్కువ, లావు శబ్దం తక్కువ, గరగర ఎక్కువ. నెక్ వైపు వెళ్తే లావు ఎక్కువ, స్పష్టత తక్కువ.

ఇప్పుడు రెండు పికప్‌లు కలిపితే ఏమవుతుంది? చాలామంది కుర్రాళ్ళు అనుకునేది ఒకటికి ఒకటి కలిస్తే రెండు అని. కాదు రా. ఒకే ఉయ్యాలని ఇద్దరు పట్టుకున్నారనుకో, ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు తోస్తే బాగా ఊగుతుంది, ఒకడు తోసేటప్పుడు ఇంకొకడు లాగితే ఉయ్యాల ఆగిపోతుంది. కొన్ని హార్మోనిక్స్‌కి తీగ ఈ పికప్ మీద పైకి పోతున్నప్పుడు ఆ పికప్ మీద కిందకి వస్తుంటుంది, అవి రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, ఎక్కువగా పోయేవి లావుకీ సన్నానికీ మధ్యలో ఉండే మిడ్స్. జేజేలో రెండు పికప్‌ల వాల్యూమ్ నాబ్‌లూ ఫుల్ పెట్టినప్పుడు వచ్చే ఆ శుభ్రమైన, కొంచెం బోలు శబ్దం ఉంది చూడు, అది కలిసి వచ్చింది కాదు, తీసేయగా మిగిలింది.

ఆ బోలు మంచిదా చెడ్డదా అంటే ఏం వాయిస్తావు అన్నదాన్ని బట్టి. బొటనవేలితో తీగని కొట్టి స్లాప్ చేసేవాడికి అది వరం, అమెరికన్ బేసిస్ట్ మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్ మీద వాయించేది వింటే నీకే తెలుస్తుంది, పైన కంచు, కింద లావు, మధ్యలో ఖాళీ. 70ల్లో ఫెండర్ వాళ్ళు బ్రిడ్జ్ పికప్‌ని అర అంగుళం కూడా లేని దూరం బ్రిడ్జ్ వైపు జరిపారు, అంత చిన్న జరుపుడుకే గొంతు మారిపోయింది. కానీ నువ్వు స్లాప్ చేసేది పాటకి నాలుగు సెకన్లు, మిగతా అంతా రెండు వేళ్ళతో నొక్కి వాయించడమే కదా. అన్నిటికన్నా లావు తీగ, 'లో ఈ' (E), దాని శ్రుతి 41 హెర్ట్జ్, చిన్న స్పీకర్లు, ఫోన్లు దాన్ని పలికించలేవు, వినేవాడికి బేస్ ఉందని తెలిసేదే పైనున్న హార్మోనిక్స్ వల్ల. వాటిల్లోంచి మిడ్స్ తీసేస్తే స్టేజ్ మీద నీ కాళ్ళ కింద అదురుతుంది గానీ ఎదురుగా కూర్చున్నవాడికి నువ్వేం వాయిస్తున్నావో అర్థం కాదు.

ఇది నేను పుస్తకం చదివి చెప్పట్లేదు. ఆర్కెస్ట్రాలో తిరిగే రోజుల్లో నేనూ నీలాగే ఉన్న పీ బేస్‌కి గొయ్యి తవ్వించి జే పికప్ పెట్టించాను, రేడియోలు బాగుచేసే ఒకాయన సోల్డరింగ్ చేశాడు. ఇంట్లో విడివిడిగా చూశా, పీ బాగుంది, జే బాగుంది. రెండూ కలిపి సరిగ్గా వినలేదు, అదే నా బుద్ధితక్కువ. తణుకు దగ్గర పెళ్ళి ప్రోగ్రాం, మొదటి పాటకి రెండు నాబ్‌లూ ఫుల్ తిప్పాను, ఇంకంతే, బేస్ మాయం! కొట్టిన కొద్దీ టింగ్ టింగ్ మని వీణ తీగ తెగినట్టు ఏదో సన్నగా వస్తోంది. మైక్‌సెట్ కుర్రాడు పాపం ఫేడర్ పైకి తోస్తూనే ఉన్నాడు, తబలా ఆయన నా వంక చూస్తున్నాడు, నేను యాంప్ వెనకాల వైరు పీకి పెడుతున్నా. రెండో పాటకి విసుగొచ్చి జే నాబ్ సున్నాకి తిప్పాను, ధబ్ మని బేస్ వచ్చిపడింది. ఒక పికప్ వైర్లు తిరగేసి కలిపాడాయన, రెండింటి ఫేజ్ (ఊపు దిశ) ఎదురెదురు అయిపోయింది, లావు శబ్దం మొత్తం ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మర్నాడు జే పికప్ రెండు వైర్లూ అటుదిటు మార్చితే ఐదు నిమిషాల పని. వేరువేరు కంపెనీల పికప్‌లు కలిపేటప్పుడు ఇది ఎప్పుడైనా జరగొచ్చు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వైరు హాట్ (సిగ్నల్ వైరు) అంటుంది, అందుకని బాడీ మూసి స్క్రూలు బిగించకముందే రెండూ ఫుల్ పెట్టి లో ఈ వాయించి విను. లావు పోయి ముక్కుతో మాట్లాడినట్టు వస్తే అదే.

అది సరిచేశాక పీజే బాగుందా అంటే, బాగానే ఉంది గానీ వాడింది పీ ఒక్కటే, నిజం చెప్తున్నా. పీ పికప్ బలమైనది, జే బ్రిడ్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి మామూలుగానే నెమ్మది, రెండూ ఫుల్ పెడితే జే తన గొంతు ఇవ్వదు, పీ మిడ్స్ మాత్రం లాగేసుకుంటుంది. పీజే సరిగ్గా పనిచేయాలంటే పీ ఎత్తు కొంచెం దింపి జే ఎత్తు లేపి బ్యాలెన్స్ చేసుకోవాలి, వాయించేటప్పుడు పీ ఫుల్ పెట్టి జేని ఉప్పు వేసినట్టు కొంచెం కొంచెం కలుపుకోవాలి.

ఇంకోటి హమ్, అదే కరెంట్ గుయ్యిమనడం. పీ పికప్ మొదట 1951లో వచ్చినప్పుడు ఒకే కాయిల్, 1957లో దాన్ని రెండు ముక్కలు చేశారు, రెండు తీగలకి ఒక ముక్క, రెండు కాయిల్స్ ఎదురెదురు చుట్టి, అందుకని కరెంట్ గుయ్యిమనే శబ్దం దానిలోనే చచ్చిపోతుంది. జే అలా కాదు, 1960 నుంచీ అది సింగిల్ కాయిల్. జేజేలో రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురు చుట్టినవైతే రెండూ సమానంగా తిప్పినప్పుడు హమ్ పోతుంది, ఒకటి కాస్త తగ్గించావా, మళ్ళీ గుయ్యి. పీజేలో మాత్రం జే పక్కన దానికి జోడీ లేదు, జే ఎంత తిప్పితే అంత హమ్. మన పందిళ్ళలో సీరియల్ సెట్లు, జనరేటర్, లైట్ల డిమ్మర్లు, వీటి మధ్య సింగిల్ కాయిల్ పట్టుకుని నిలబడితే పాటకీ పాటకీ మధ్య తేనెటీగల తుట్టె విప్పినట్టుంటుంది. అంతకీ పీజే కావాలంటే జే మాత్రం హమ్ రాని రకం కొను, లోపల రెండు కాయిల్స్ ఉండి బయటికి జేలాగే కనపడేవి దొరుకుతాయి, కొంచెం ఆ గరుకు తగ్గుతుంది, ఫర్వాలేదు.

జేజే గురించి నాకు వ్యతిరేకత ఏం లేదు, అపార్థం చేసుకోకు. నా మనసుకి అది మూడు బేస్‌లు ఒకదాంట్లో. నెక్ ఒక్కటే పెడితే పీ బేస్‌కి తమ్ముడిలా ఉంటుంది. బ్రిడ్జ్ ఒక్కటే పెడితే మాటలాడినట్టు ముక్కుతో పలుకుతుంది, బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని 1962 జాజ్ బేస్ మీద వాడింది ఎక్కువగా ఆ పికప్పే, కుడి చెయ్యి కూడా బ్రిడ్జ్ దగ్గరే పెట్టి వాయించేవాడు. కానీ నెక్ పదిలో పది, బ్రిడ్జ్ పదిలో ఏడో ఎనిమిదో పెట్టు, అక్కడుంది అసలు రుచి, పోయిన మిడ్స్ తిరిగొస్తాయి, గరుకు మిగులుతుంది, కాస్త హమ్ వస్తే వచ్చింది. జేజే ఉన్నవాళ్ళలో సగం మంది రెండు నాబ్‌లూ ఫుల్ తిప్పేసి జీవితాంతం అలాగే వాయించేస్తారు.

హంబకర్ ఉన్న యాక్టివ్ బేస్ అన్నావు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే దానికి పెద్దన్న, బ్రిడ్జ్ వైపు ఒక్క పెద్ద హంబకర్, లోపల శబ్దాన్ని పెంచే చిన్న ప్రీయాంప్. ఒక్క పికప్పే ఉంది చూశావా, అయినా ఎవడికీ లోటనిపించలేదు. గట్టిగా, బిగుతుగా, ముందుకొచ్చి పలుకుతుంది, రాక్ వాయిస్తే బ్రహ్మాండం, చర్చిలో నెమ్మదైన పాటకి మాత్రం టోన్ నాబ్‌తో కుస్తీ పట్టాలి. యాక్టివ్ తీసుకుంటే 9 వోల్ట్ బ్యాటరీ ఒకటి ఎప్పుడూ బ్యాగ్‌లో ఉండాలి, వాయించనప్పుడు జాక్ పీకేయాలి, జాక్ ఉన్నంతసేపూ బ్యాటరీ తింటూనే ఉంటుంది. కొత్తలో బ్యాటరీ బలహీనపడి శబ్దం చిరిగిపోతుంటే నేను స్పీకర్ పోయిందనుకున్నా.

సరే ఇప్పుడు నీకు నా మాట. చెక్క కోయించకు. ఒకసారి గొయ్యి తవ్వాక మళ్ళీ పూడ్చలేవు, రేపు అమ్ముదామన్నా ధర పడిపోతుంది. ముందు నీ చేతిలో ఉన్న ఆ ఒక్క పీని నిజంగా వాడుకున్నావా చూడు. బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ మోటౌన్ (అమెరికా రికార్డు కంపెనీ) పాటల్లో ఎక్కువ భాగం వాయించింది 1962 పీ బేస్ ఒక్కదాని మీదే, నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జ్ కవర్ కింద స్పాంజి ముక్క, రెండో పికప్ అన్న మాటే లేదు. నీ తీగలు ఎప్పటివి? అమ్మినవాడు వేసినవే అయితే ముందు వాటిని మార్చు, ఏ పికప్ మార్చినా అంత తేడా రాదు.

తర్వాత ఎత్తు. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి లో ఈ తీగకీ పికప్‌కీ మధ్య 3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, సన్న తీగ జీ (G) వైపు ఇంకొంచెం తక్కువ ఉండేట్టు స్క్రూ తిప్పు. స్కేల్ లేకపోతే ఒక రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు, ఇంచుమించు సరిపోతుంది, కాకపోతే మన బిళ్ళలు అయస్కాంతానికి అతుక్కుంటాయి, గట్టిగా పట్టుకో, లేకపోతే టక్కుమని పికప్‌కి కరుచుకుంటాయి. మరీ దగ్గర పెడితే అయస్కాంతం తీగని లాగి శ్రుతి ఊగుతుంది, గట్టిగా వస్తోంది కదా అని లేపేయకు. ముందు వైపు పిక్‌గార్డ్ ప్లేట్ విప్పి పాట్లు (నాబ్‌ల కింద ఉండే భాగాలు) చూడు, 250 కె (కిలో ఓమ్‌లు) ఉండాలి, 500 కె వేసి ఉంటే అందుకే నీకు గొంతు కీచుగా అనిపిస్తోంది. టోన్ నాబ్‌కి ఉండే కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్ మామూలు. టోన్ పూర్తిగా మూసి ఒక పాట, సగం తెరిచి ఒక పాట, కుడి చెయ్యి బ్రిడ్జ్‌కి దగ్గర పెట్టి ఒక పాట వాయించి రికార్డ్ చెయ్యి, బ్యాండ్ అంతా ఉన్నప్పుడే, ఫోన్ హాల్లో వెనక కుర్చీలో పెట్టి. ఒక్క పికప్‌తో ఎన్ని గొంతులున్నాయో నువ్వే లెక్కపెట్టుకుంటావు.

రెండు నెలలు ఇలా వాయించాక కూడా బ్రిడ్జ్ దగ్గరి ఆ గరుకు గొంతు కావాలనిపిస్తే, దీన్ని ఉంచుకుని సెకండ్ హ్యాండ్‌లో జేజే ఒకటి చూడు, డబ్బులు సరిపోకపోతే నన్నడుగు, మీ అమ్మకి చెప్పక్కర్లేదు. కొనే ముందు స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి పికప్ మీదా మెల్లిగా తట్టి రెండూ పలుకుతున్నాయో లేదో చూడు, నాబ్ తిప్పుతుంటే కరకర మంటే పాట్ పోయినట్టు, అది పెద్ద ఖర్చు కాదు, ఆ వంకతో రేటు తగ్గించమను. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గి వదిలేస్తే పెరుగుతుంటే ఎర్త్ వైరు బాగానే ఉన్నట్టు. ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జ్ కింద వైరు ఊడిందేమో అడుగు. పికప్ మార్చాల్సొస్తే ముందు కొలుచుకో, జేజేలో నెక్ దానికన్నా బ్రిడ్జ్ది కొంచెం పొడుగు, అన్ని కంపెనీలూ ఆ లెక్క పాటించవు, చూసుకోకుండా ఆర్డర్ పెడితే గోతిలో పట్టదు.

ఈ ఆదివారం పిక్‌గార్డ్ ప్లేట్ విప్పి లోపల ఫోటో తీసి పంపు, ఫ్లాష్ వేసి, పాట్ల మీద అంకెలు కనపడేట్టు. స్క్రూలు మాత్రం ఒక గిన్నెలో వేసుకో, మొన్న నా బేస్‌వి సోఫా కిందకి దొర్లిపోయి రెండు ఇప్పటికీ దొరకలేదు.

మీ మావయ్య