ఒకే వాలుకి రెండు సాఫ్ట్‌వేర్‌లలో రెండు అంకెలు వస్తే దేన్ని నమ్మాలి?

ఒకే మట్టి వాలుకి సేఫ్టీ ఫ్యాక్టర్ (జారకుండా ఆపే బలం, జారేలా లాగే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె; 1 కంటే తగ్గితే వాలు జారుతుందని లెక్క) స్లయిడ్2లో 1.52, స్లోప్/డబ్ల్యూలో 1.38 వచ్చాయి, ఏది సరైనది అని అడిగారు. రెండూ తమ లెక్క సరిగ్గానే చేసి ఉంటాయి. మీరు రెండింటికీ ఒకే ప్రశ్న వేశారా అన్నది చూడాలి.

ఈ లెక్కల్లో జారే మట్టిని నిలువు ముక్కలుగా (స్లైస్‌లుగా) కోసి చూస్తారు. 1955 నాటి బిషప్ సరళ పద్ధతి స్లైస్‌ల మధ్య షియర్ (ఒరుసుకునే) బలాన్ని వదిలేస్తుంది, అడ్డబలాల సమతుల్యత చూడదు. మోర్గెన్‌స్టర్న్-ప్రైస్, స్పెన్సర్ పద్ధతులు బలాలనీ మొమెంట్లనీ (తిప్పే ప్రభావాలనీ) రెండింటినీ సరిచూస్తాయి. అయినా ఒకే జారుడు వృత్తం, ఒకే నీటిమట్టం ఇస్తే వీటి మధ్య తేడా మామూలుగా కొద్ది శాతమే ఉంటుంది. మీకొచ్చిన తేడా అంతకంటే ఎక్కువ. నాకైతే స్లిప్ సర్ఫేస్ (మట్టి జారే దారి) వెతికిన తీరు మీదా, నీటి మీదా అనుమానం.

నా మొదటి ఉద్యోగంలో ఒక కటింగ్‌కి (నేల తవ్వి చేసిన వాలుకి) బిషప్‌తో 1.6 తెచ్చి సంతోషపడ్డాను. మా సీనియర్ నా రిపోర్టు పక్కన పెట్టి బోర్‌హోల్ లాగ్ (బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసిన కాగితం) తీశారు. 11 మీటర్ల లోతులో 30 సెంటీమీటర్ల మెత్తటి బంకమట్టి పొర. అంత పల్చటిదేం చేస్తుందిలే అని నేను దాన్ని పై పొరలో కలిపేశాను. దాన్ని విడిగా గీసి, వృత్తాకారం కాని సర్ఫేస్‌లు కూడా వెతకమంటే, జారుడు దారి ఆ పొర వెంటే బల్లపరుపుగా పరుచుకుంది. 1.17. నీటిమట్టం కూడా ఎండాకాలం బోరులోదే. దాన్ని రెండు మీటర్లు పైకి జరిపితే 1.05. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి కంప్యూటర్ తెరిచే ముందు చేత్తో ఒక లెక్క వేసుకుంటాను. అడ్డం 2, నిలువు 1 వాలు, కొహీషన్ (రేణువులు అతుక్కునే బలం) లేని మట్టి, ఫ్రిక్షన్ యాంగిల్ (రేణువుల రాపిడిని చెప్పే కోణం) 34 డిగ్రీలు: పొడిగా ఉంటే 1.35. నీరు వాలుకి సమాంతరంగా, ఉపరితలం దాకా పారుతుంటే దాదాపు సగానికి పడిపోతుంది. అదే వాలుకి 5 కిలోపాస్కల్స్ కొహీషన్ ఇస్తే మీటరు లోతు జారుడుకి 0.7 దాకా కలుస్తుంది, ఐదు మీటర్ల లోతుకి 0.14 మాత్రమే. ల్యాబ్ రిపోర్టులో చిన్నదిగా కనిపించే ఆ 5, పైపై జారుళ్ళన్నింటినీ మీ కంటికి కనపడకుండా దాచేయగలదు.

ప్లాక్సిస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో మట్టి బలం తగ్గిస్తూ పోయే పద్ధతికి సర్ఫేస్ ముందే ఊహించక్కర్లేదు, అది మంచిదే. కదలికలు ముఖ్యమైతే వాడండి. కానీ పల్చటి పొరని మీరు గీయకపోతే అది కూడా కనిపెట్టలేదు.

ఇప్పుడు రెండు ఫైళ్లలోనూ ఒకే కేంద్రం, ఒకే వ్యాసార్ధం, ఒకే పద్ధతి పెట్టి నడపండి. ఒక్కో స్లైస్ అడుగున పోర్ ప్రెషర్ (మట్టి రేణువుల మధ్య నీటి పీడనం) పక్కపక్కన రాసుకోండి. అప్పటికీ తేడా పోకపోతే ఆ పట్టిక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను.