ఫెయిర్‌బ్యాంక్స్‌లో టేపులు వింటున్న అమ్మాయికి

మచిలీపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన మూడు కథలూ అందాయి. బయట సున్నాకు 40 డిగ్రీల దిగువన చలి ఉండగా, విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో ఒక మూల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అలాస్కాలో కోబుక్ నది ఒడ్డున పుట్టి పెరిగిన ఇనూయిట్ ముసలమ్మ మాటలు పాత టేపుల్లో రోజూ వింటున్నానని రాశావే, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కథలు బాగున్నాయి. వాక్యం నీ చేతికి వచ్చింది. అయితే మూడింటిలోనూ మాట్లాడుతున్నది నువ్వేగాని ఆమె కాదు. మంచు గురించి మనవాళ్ళు అనుకునే మాటలే ఆమె నోట వినిపిస్తున్నాయి. నువ్వు టేపులోంచి సంగతులు ఏరుకున్నావు, టేపును ఇంకా పూర్తిగా వినలేదు. ఈ మాట కటువుగా ఉంటే మన్నించు. కథలు రాసే పని, ఆ టేపులను కాపాడే పని వేరువేరని నువ్వు అనుకుంటున్నట్టు తోచింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా అనుభవం ఒకటి చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో మా మేనత్త తుమ్మకొమ్మ పట్టుకుని రాత్రంతా ప్రాణం నిలుపుకుంది. ఎనిమిదేళ్ళ తరువాత ఆవిడను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, అరువు తెచ్చిన టేప్ రికార్డరుతో రెండు క్యాసెట్ల నిండా మాట్లాడించాను. ఆ క్యాసెట్లను ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచి, దాచాను కదా అన్న ధీమాతో ఇరవై ఏళ్ళు వాటి జోలికే పోలేదు. తీసి చూసేసరికి సముద్రపు తేమకు టేపు మీద తెల్లగా బూజు పట్టి ఉంది. ఒక క్యాసెట్ మూగపోయింది. రెండోదానిలో కొంత పలికింది. ఆ పలికిన భాగంలో మేనత్త చెబుతూ ఉండగా మరో ఆడమనిషి గొంతు అడ్డొచ్చి, "కాదొదినా, అప్పటికింకా నీళ్ళు రాలేదు, గాలే" అని సరిదిద్దుతుంది. ఆమె ఎవరో నేను రాసుకోలేదు. అడుగుదామంటే ఆనాడు ఆ అరుగు మీద ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఉప్పెన కథ నాకు గుర్తుంది, దాన్ని కథగా రాశాను కూడా. కాని నాకు గుర్తున్నది నేను దిద్దుకున్న కథ. గాలి ముందా, నీరు ముందా అని పట్టుబట్టిన ఆ మనిషికి నా కథలో చోటు లేకుండా పోయింది.

అందుకని ముందు టేపు శరీరం సంగతి చూడు. పల్లెల నుంచి శీతాకాలంలో వచ్చిన పెట్టెను వెచ్చని గదిలోకి తేగానే విప్పవద్దు. చల్లబడి ఉన్న టేపు మీద గదిలోని తేమ ఇట్టే నీరై పేరుకుంటుంది. సంచిలో గట్టిగా మూసి, గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచి తరువాత తెరవాలి. 1970లు, 80ల నాటి కొన్ని రీళ్ళలో పూతను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడి, యంత్రంలో తిప్పబోతే కీచుమంటూ ఊడివస్తుంది. అలాంటి రీలును తెలిసినవారి చేత 50 డిగ్రీలు దాటిన సన్నని వేడిలో గంటల తరబడి కాయించి, వెంటనే ఒక్కసారి వినిపించి కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. నీ అంతట నువ్వు ప్రయత్నించవద్దు. ఎక్కించేటప్పుడు 24 బిట్ల, 96 కిలోహెర్ట్జ్‌ల వేవ్ ఫైలుగా, అంటే ధ్వనిని ఏమాత్రం కుదించకుండా, ఎక్కించు. స్టీరియో అయితే గంటకు దాదాపు 2 గిగాబైట్లు అవుతుంది, చోటు చాలదని ఎంపీత్రీతో సరిపెట్టుకోవద్దు. ఎంపీత్రీని జనానికి వినిపించడానికి చేసుకోవచ్చు, మూలప్రతి స్థానంలో మాత్రం కూర్చోబెట్టకూడదు. ఒక్కచోట ఉన్న ప్రతి ఉన్నట్టు లెక్క కాదు.

డిజిటల్ అయిపోయింది కాబట్టి నిశ్చింత అనుకోవద్దు. నువ్వున్న ఆ విశ్వవిద్యాలయంలోనే 1988లో ఆపిల్ సంస్థ సాయంతో ప్రాజెక్ట్ జ్యూక్‌బాక్స్ మొదలైంది. పెద్దల గొంతులను, ఫోటోలను, పటాలను ఒకేచోట కంప్యూటరు మీద చూస్తూ వినే ఏర్పాటు అది. ఆ కాలానికి అది సాహసం. ఆనాటి ప్రోగ్రాములు, సీడీలు కాలం చెల్లిపోతే వాటిలోని గొంతులన్నిటినీ మళ్ళీ ఇంటర్నెట్టుకు తరలించుకోవలసి వచ్చింది. ఆ తరలింపులు అంతటితో ఆగవు. మన ఇళ్ళలో తాళపత్రాలను తరానికొకరు కూర్చుని తిరగరాసినట్టే, ఈ ఫైళ్ళనూ ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ మళ్ళీ మోసుకుపోతూ ఉండాలి.

ఇక గొంతు చుట్టూ ఉన్న సమాచారం. నా మేనత్త టేపులో జరిగిన తప్పు అక్కడ వేయి రూపాల్లో జరిగింది. కెనడాలోని ఉత్తర ధ్రువ ప్రాంతమైన ఆర్కిటిక్‌లో 1941 నుంచి ప్రభుత్వం అక్కడి ఆదివాసులైన ఇనూయిట్ ప్రజలకు మెడలో వేసుకునే చిన్న బిళ్ళ ఇచ్చి, దాని మీద అంకె వేసింది. తూర్పు వారికి ఇ అక్షరంతో, పడమటి వారికి డబ్ల్యూ అక్షరంతో. ఆ తరువాత 1968 నుంచి 1971 దాకా అబ్రహాం ఓక్‌పిక్ అనే ఇనూయిట్ నాయకుడు ఊరూరూ తిరిగి ప్రతి కుటుంబానికీ ఇంటిపేరు నమోదు చేయించాడు. కాబట్టి ఒకే మనిషి పాత జాబితాలో ఒక అంకెగా, మిషనరీల పుస్తకంలో ఒక క్రైస్తవ నామంగా, కొత్త రిజిస్టరులో ఇంటిపేరుతో, టేపులో మాత్రం తనవాళ్ళు పిలుచుకునే పేరుతో ఉండవచ్చు. ఆ నాలుగింటినీ కలిపి ఒక చీటీ మీద రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది. అది లేకపోతే ముత్తవ్వ గొంతు వెతుక్కుంటూ వచ్చిన మునిమనవరాలికి ఆ టేపు ఎప్పటికీ దొరకదు.

వరుసల విషయంలో మరీ జాగ్రత్త. ఇనూయిట్ కుటుంబాలలో చనిపోయినవారి పేరు పుట్టినబిడ్డకు పెడితే, ఆ బిడ్డను పోయినవారి వరుసతోనే పిలుస్తారు. టేపులో ఒక అవ్వ పసివాణ్ణి "నాన్నా" అని సంబోధిస్తే అది ముద్దుమాట అని రాసుకున్నవాడు సగమే విన్నట్టు. ఈ సంగతి నీకు ఎవరూ నేర్పనక్కరలేదు. తాతపేరు పెట్టుకున్న మనవణ్ణి పేరుపెట్టి తిట్టడానికి నోరు రాని అమ్మమ్మలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. తెలుగులో పుట్టడం నీకు ఇక్కడ ఉపయోగపడుతుంది, ఇంగ్లీషు అనువాదంలో కజిన్ అని తేల్చేసిన చోట ఆగి అసలు వరుస ఏమిటో అడుగు.

వినపడనిదాన్ని కూడా రాయాలి. అలాస్కా నుంచి కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ దాకా ఇనూయిట్ ప్రజలలో చాలామంది అవునని చెప్పడానికి కనుబొమలు పైకెత్తుతారు, కాదని చెప్పడానికి ముక్కు ముడుస్తారు. అడిగినవాడు "అప్పుడు మీ అన్న ఒక్కడే వెళ్ళాడా?" అంటాడు, టేపులో ఏమీ వినిపించదు, అతడు తరువాతి ప్రశ్నకు పోతాడు. రాత ప్రతిలో "జవాబు లేదు" అని ఉంటుంది. జవాబు ఉంది, ముఖంలో ఉంది. నీ దగ్గరి టేపుల్లో ఇలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టి, ఆనాడు అడిగినవారు బ్రతికి ఉంటే వెళ్ళి కలువు. రేపు నువ్వే రికార్డు చేయవలసి వస్తే, "అవునన్నారు" అని పైకి పలుకు.

అనువాదం గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఇనూయిట్ వారి భాషల్లో ఒకటైన ఇనుక్టిటుట్‌లో సముద్రం మీది మంచు సికు. ఒడ్డుకు అంటి కదలకుండా నిలిచిన మంచు తువాక్. ఆ నిలిచిన మంచు అయిపోయి నీరు మొదలయ్యే అంచు సినా, సీలు వేట అక్కడే. మూడింటికీ మంచు అని రాసేస్తే, తమ్ముడు సినా దాకా వెళ్ళాడన్న వాక్యంలోని భయమంతా పోతుంది. నీ రెండో కథలో సరిగ్గా అదే జరిగింది. వాళ్ళ మాటను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం తెలిసేలా రాయి.

ఇంత పట్టుదల ఎందుకని నీకు అనిపించవచ్చు. 1845లో ఇంగ్లండు నావికుడు ఫ్రాంక్లిన్ నాయకత్వాన ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడల్లో ఆర్కిటిక్‌కు వెళ్ళిన 129 మంది తిరిగి రాలేదు. 1854లో జాన్ రే అనే యాత్రికుడు ఇనూయిట్ వారి నోట విన్నది లండనుకు చేరవేశాడు. తెల్లవారు ఆకలితో నడుస్తూ కూలిపోయారనీ, చివరికి తోటివారి శవాలను తిన్నారనీ వాళ్ళు చెప్పారు. చార్లెస్ డికెన్స్ అంతటి నవలాకారుడు తన పత్రికలో ఆ సాక్ష్యాన్ని అనాగరికుల మాటగా కొట్టిపారేశాడు. 1990లలో ఆ నావికుల ఎముకల మీద కత్తిగాట్లు బయటపడ్డాయి. ఇటు నునావుట్‌లోని జో హేవెన్ ఊరిలో లూయీ కమూకాక్ చిన్నప్పుడు ముత్తవ్వ నోట విన్న కథను పట్టుకుని, ముప్ఫై ఏళ్ళకు పైగా ఊరి పెద్దలను మాట్లాడిస్తూ, వాళ్ళు చెప్పిన స్థలాల పేర్లను పటం మీద గుర్తిస్తూ పోయాడు. ఒక ఓడ దక్షిణాన మునిగిందన్న పెద్దల మాట చూపిన దిక్కునే 2014లో ఎరెబస్ దొరికింది. 2016లో టెర్రర్ దొరకడానికి సామీ కోగ్విక్ అనే వేటగాడు తాను మంచులోంచి పొడుచుకొచ్చిన స్తంభాన్ని చూశానని చెప్పిన మాట కారణమయింది. కమూకాక్ 2018లో కన్నుమూశాడు, రెండు ఓడలనూ కనుగొన్న వార్త విని వెళ్ళాడు. నాకు ఇందులో ఓడల కంటే ఆ ముత్తవ్వే ముఖ్యం. ఆమె చిన్నపిల్లగా తీరంలో చూసిన తుపాకీ గుళ్ళనూ చెంచానూ గురించి చెప్పిన కథే ఈ వెతుకులాటకు మొదలు.

ఇక అనుమతి. 1960లు, 70లలో రీలు యంత్రం ముందు కూర్చున్న పెద్దలు ఎదుటి మనిషిని నమ్మి మాట్లాడారు. ఆ గొంతు ప్రపంచమంతా వినే రోజొకటి వస్తుందని వాళ్ళకు తెలియదు. సంతకం పెట్టిన కాగితం ఉందని తృప్తిపడవద్దు. అలాస్కాలోని కోయుకాన్ ప్రజలు ఆదికాలపు కథలను చలికాలపు రాత్రుల్లోనే చెప్పుకునే ఆనవాయితీ ఉన్నవారు. ఆ సంగతి పెట్టె మీద రాసి ఉండకపోతే, జూలైలో ఎవరో ఉపన్యాసంలో దాన్ని వినిపించి వారి మనసు నొప్పిస్తారు. నాకు ఇష్టమైన పద్ధతి నునావుట్‌లోని ఇగ్లూలిక్ వారిది. 1986లో అక్కడి పెద్దలే పూనుకుని తమ కాలపు బతుకును తమ భాషలో చెప్పి రికార్డు చేయించారు. 500కు పైగా సంభాషణలు ఆ ఊళ్ళోనే ఉండి, ఆ ఊరి పిల్లలకు అందాయి. ఊరు దాటిపోయిన టేపు ఎంత భద్రంగా ఉన్నా, దాని ప్రతి ఒకటి ఆ ఊరికి తిరిగి చేరేదాకా పని పూర్తయినట్టు నేను ఒప్పుకోను.

నువ్వు చివర అడిగిన ప్రశ్నకు వస్తాను. తమ్ముడు మంచు మీదికి వెళ్ళి రాని రోజు గురించి చెబుతూ ఆ అవ్వ నలభై సెకన్లు ఆగిపోయిందనీ, పొయ్యిలో కట్టె చిటపటలూ ఎవరో కప్పులో చెంచా తిప్పిన చప్పుడూ తప్ప మరేమీ లేవనీ, ఆ ఖాళీని కత్తిరించనా అనీ అడిగావు. కత్తిరించవద్దు. రాత ప్రతిలో "40 సెకన్లు మౌనం, కట్టెల చప్పుడు, చెంచా" అని రాయి. ఆ చెంచా తిప్పింది ఎవరో కనుక్కో. అనుమతి పత్రంలో ఆమె మనవరాలి పేరు ఉందనీ, ఆమె నువ్వున్న ఊళ్ళోనే ఉంటోందనీ రాశావు కదా. ఈ వారం ఒక ప్రతి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళు. ఆమె పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా కలిసి విను, ఆమె ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపు. కథగా రాసుకోవచ్చునా అని ఆ తరువాత అడుగు. ఆమె సరేనంటే రెండో కథను మళ్ళీ రాసి నాకు పంపు, వద్దంటే ఆ సంగతి రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు